డిష్‌లు అమ్మిపెట్టిన ఛానెల్: స్కై వన్ కథ

2007 మార్చి 1న బ్రిటన్‌లో ముప్పై లక్షలకు పైగా ఇళ్లకు స్కై వన్ ఛానెల్ రావడం ఆగిపోయింది. అప్పటికి అమెరికన్ సీరియల్ 'లాస్ట్' మూడో సీజన్ నడుస్తోంది. '24' ఆరో సీజన్ కూడా మధ్యలో ఉంది. ఆ ఇళ్లన్నీ వర్జిన్ మీడియా అనే కేబుల్ కంపెనీ చందాదారులవి. ఛానెల్ స్కై అనే ఉపగ్రహ టీవీ కంపెనీది, దాన్ని ఇంటిదాకా చేర్చే తీగ వర్జిన్‌ది. ఎంత ధర ఇవ్వాలన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు. పాత ఒప్పందం గడువు తీరిన అర్ధరాత్రే ప్రసారం ఆగింది. స్కై వన్‌తో పాటు స్కై టూ, స్కై న్యూస్, స్కై స్పోర్ట్స్ న్యూస్ లాంటివీ పోయాయి. అవి తిరిగి వచ్చింది 2008 నవంబర్ 13న, అంటే ఇరవై నెలలు గడిచాక.

కేబుల్ ఆపరేటరుకీ ఛానెల్ యాజమాన్యానికీ పేచీ వచ్చి, ఇష్టమైన సీరియల్ ఉన్నట్టుండి మాయమవడం మన ఇళ్లలోనూ తెలిసిన సంగతే. అయితే ఇరవై నెలలంటే చాలా కాలం. వినోద ఛానెల్‌కి ప్రేక్షకులే ప్రాణం. ప్రకటన రేటు ఎంతమంది చూస్తున్నారన్న లెక్క మీదే ఆధారపడుతుంది. పైగా ప్రతి ఇంటి లెక్కన కేబుల్ కంపెనీ కట్టే రుసుము కూడా పోతుంది. అయినా స్కై అంతకాలం ఎలా ఓర్చుకుంది? సొంత ఛానెల్‌కి అంత నష్టం జరుగుతున్నా దిగిరాకుండా ఉండటంలో దానికి ఏం లాభం?

నా ఉద్దేశంలో స్కై వన్ చరిత్ర మొత్తానికి తాళంచెవి ఈ ప్రశ్నే. ఆ ఛానెల్ పుట్టుక, ఎదుగుదల, 2021లో తెర మీదనుంచి తప్పుకోవడం, అన్నిటికీ ఒకటే కారణం కనబడుతుంది. దానికి ఇద్దరు యజమానుల లాంటి రెండు అవసరాలు ఉండేవి. ఛానెల్‌గా అది వీలైనన్ని ఇళ్లకు చేరాలి. స్కై అనే కంపెనీకి మాత్రం డిష్‌లు, చందాలు అమ్ముడుపోవాలి. ఈ రెండూ ఒకే దారిలో నడిచినంతకాలం స్కై వన్ వెలిగింది. దారులు చీలిన ప్రతిసారీ నష్టపోయింది ఛానెలే.

మొదటినుంచీ చూద్దాం. థేమ్స్ టెలివిజన్‌లో పనిచేసి బయటికి వచ్చిన బ్రయన్ హేన్స్ 1982 ఏప్రిల్ 26న శాటిలైట్ టెలివిజన్ అనే చిన్న ఛానెల్ మొదలుపెట్టాడు. అప్పటికి బ్రిటన్‌లో ఉన్నవి మూడే ఛానెళ్లు: బీబీసీవి రెండు, ఐటీవీ ఒకటి. ఛానెల్ 4 ఇంకా రాలేదు, అది అదే ఏడాది నవంబర్‌లో మొదలైంది. ఐరోపా అంతరిక్ష సంస్థ పరీక్షల కోసం పంపిన ఓటీఎస్ ఉపగ్రహం మీద హేన్స్ రాత్రిపూట కొద్ది గంటలు ప్రసారం చేసేవాడు. విచిత్రమేమంటే బ్రిటన్‌లో దాన్ని చూసేవాళ్లు దాదాపు లేరు. ఇళ్లకు నేరుగా పంపే శక్తి ఆ ఉపగ్రహానికి లేదు కాబట్టి నార్వే, ఫిన్లాండ్ లాంటి దేశాల కేబుల్ నెట్‌వర్క్‌లే దాని ప్రేక్షకులు. లండన్‌నుంచి వెళ్లే ఇంగ్లిష్ కార్యక్రమాలను ఖండమంతా కేబుల్‌లో చూస్తుందని, ప్రకటనలు కురుస్తాయని ఆశ. ప్రకటనలు రాలేదు. 1983లో డబ్బు అయిపోయే దశలో పత్రికల అధిపతి రూపర్ట్ మర్డోక్ కంపెనీ న్యూస్ ఇంటర్నేషనల్ మెజారిటీ వాటా కొన్నది. 1984 జనవరిలో పేరు స్కై ఛానెల్‌గా మారింది. బ్రిటన్‌లో స్విండన్ పట్టణపు కేబుల్‌లో అది కనబడటం కూడా అప్పుడే మొదలైంది.

ఆ తర్వాతి నాలుగేళ్ల గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పాత అమెరికన్ సీరియళ్లు, పాప్ పాటలు, పిల్లి బొమ్మ నడిపించే 'డీజే క్యాట్ షో', ఏటా నష్టాలు. అసలు కథ 1988 జూన్ 8న మొదలవుతుంది.

ఆ రోజు మర్డోక్ లండన్‌లో ఒక ప్రకటన చేశాడు. లక్సెంబర్గ్ కంపెనీ ఎస్ఈఎస్ పంపబోయే ఆస్ట్రా ఉపగ్రహం మీద స్కై నాలుగు ఛానెళ్లు తెస్తుందన్నాడు. వాటిని పట్టే డిష్‌ను ఆలన్ షుగర్ కంపెనీ ఆమ్‌స్ట్రాడ్ 199 పౌండ్లకు అమ్ముతుందని చెప్పాడు. ఇది ఎంత పెద్ద దెబ్బో తెలియాలంటే అవతలి పక్షం గురించి చెప్పాలి. ఇళ్లకు నేరుగా ఉపగ్రహ టీవీ అందించే అధికారిక లైసెన్సును బ్రిటన్ ప్రభుత్వ నియంత్రణ సంస్థ 1986లోనే బ్రిటిష్ శాటిలైట్ బ్రాడ్‌కాస్టింగ్, పొట్టిగా బీఎస్‌బీ, అనే కూటమికి ఇచ్చేసింది. గ్రెనడా, పియర్సన్ లాంటి పెద్ద సంస్థలు అందులో ఉన్నాయి. ఆ లైసెన్సుకు షరతులున్నాయి. సొంత ఉపగ్రహాలు కొనాలి, డీ-మ్యాక్ అనే కొత్త ప్రసార పద్ధతి వాడాలి, కార్యక్రమాల నాణ్యత మీద నియంత్రణ సంస్థ చెప్పినట్టు నడవాలి.

మర్డోక్ ఈ షరతులన్నిటికీ బయట నిలబడ్డాడు. ఆస్ట్రా లక్సెంబర్గ్‌ది, చట్టం దృష్టిలో బ్రిటన్ ఉపగ్రహమే కాదు. కాబట్టి బ్రిటన్ లైసెన్సు అక్కర్లేదు. పత్రికల యజమానులు టీవీలో పెద్ద వాటా పెట్టుకోకుండా అడ్డుకునే నిబంధనా అంటదు. కొత్త పద్ధతి కోసం చిప్‌లు తయారయ్యేదాకా ఆగాల్సిన పనీ లేదు, మామూలు టీవీలు అర్థం చేసుకునే పాల్ పద్ధతే చాలు. 1988 డిసెంబర్‌లో ఆస్ట్రా నింగికెక్కింది. 1989 ఫిబ్రవరి 5న స్కై ఛానెల్, స్కై న్యూస్, స్కై మూవీస్, యూరోస్పోర్ట్ మొదలయ్యాయి. 1989 శరదృతువులో రావాల్సిన బీఎస్‌బీ మాత్రం చిప్‌లు సిద్ధంకాక 1990 వసంతం దాకా ఆగింది.

అంతవరకూ ఐరోపా మొత్తానికీ వెళ్తున్న స్కై ఛానెల్‌ను ఇప్పుడు బ్రిటన్, ఐర్లాండ్‌ల కోసమే తిప్పుకున్నారు. 1989 జూలై 31న దాని పేరు స్కై వన్ అయింది. ఛానెల్ పుట్టినరోజు ఏదని అడిగితే 1982, 1984, 1989 అని మూడు జవాబులు వినబడటానికి కారణం ఇదే. మూడూ సరైనవే, ఎక్కణ్నుంచి లెక్కపెడతామన్నదే తేడా.

స్కై వన్ అప్పుడు ఉచితం. డిష్ ఉంటే చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాతి చిక్కు చాలావరకు విడిపోతుంది. డిష్ కొనడానికి జనానికి ఒక కారణం కావాలి, ఆ కారణాన్ని ఉచితంగా చూపించడమే ఛానెల్ పని. 1990 సెప్టెంబర్ 2న 'ద సింప్సన్స్' బ్రిటన్‌లో మొదటిసారి ప్రసారమైంది స్కై వన్‌లోనే. బీబీసీకి ఆ కార్టూన్ 1996 నవంబర్‌లో గానీ దొరకలేదు. పసుపు రంగు మొహాల కుటుంబం ఆరేళ్లకు పైగా డిష్ ఉన్న ఇళ్ల సొత్తుగా ఉండిపోయింది. బడిలో పిల్లలు దాని గురించి మాట్లాడుకుంటే డిష్ లేని ఇంటి పిల్లవాడు వెళ్లి తల్లిదండ్రుల్ని అడుగుతాడు. ఏ ప్రకటనకూ అంత బలం ఉండదు.

బీఎస్‌బీ దగ్గర కూడా గెలాక్సీ అనే వినోద ఛానెల్ ఉండేది. నలుచదరపు పలక లాంటి స్క్వేరియల్ అనే యాంటెన్నా ఉండేది. బొమ్మ స్కై కంటే మెరుగ్గానే వచ్చేది. కానీ ఒకే దేశంలో రెండు రకాల డిష్‌లు, రెండు రకాల పెట్టెలు! ఏది బతికి బట్టకడుతుందో తెలియక చాలామంది ఏదీ కొనకుండా ఆగారు. హాలీవుడ్ సినిమాల హక్కుల కోసం పోటీపడి ఇద్దరూ ఒకరి ధరను ఒకరు పెంచేశారు. వారం వారం లక్షల పౌండ్లు కరిగిపోతుంటే 1990 నవంబర్ 2న రెండు సంస్థలూ కలిసిపోతున్నట్టు ప్రకటించాయి. పేరు బీస్కైబీ. కాగితం మీద సగం సగం, ఆచరణలో స్కైదే పెత్తనం. నెల తిరగ్గానే, డిసెంబర్ 2న, గెలాక్సీని మూసేసి దాని స్థానంలో స్కై వన్‌ను పెట్టారు. నిబంధనలన్నీ పాటించిన సంస్థ, నిబంధనల బయట నిలబడ్డ సంస్థలో ఇలా కలిసిపోయింది. బ్రిటన్ టీవీ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే. మెరుగైన సాంకేతికత, అధికారిక లైసెన్సు, పెద్ద పెద్ద వాటాదారులు ఉండి కూడా, ఏడాది ముందు వచ్చిన చవక డిష్ ముందు బీఎస్‌బీ నిలవలేకపోయింది.

ఇక డబ్బు కట్టించుకునే దశ. స్కై మూవీస్‌ను 1990లోనే తాళం వేసి చందాకు మార్చారు. 1992లో కొత్తగా పుట్టిన ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ హక్కుల్ని బీబీసీతో కలిసి ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లకు దక్కించుకున్నారు. ప్రత్యక్ష ప్రసారాలు స్కైవి, రాత్రి ముఖ్యాంశాలు బీబీసీవి. ఆ సెప్టెంబర్‌లోనే స్కై స్పోర్ట్స్ కూడా చందా ఛానెల్ అయింది. స్కై బతికి బట్టకట్టింది ఈ ఫుట్‌బాల్ వల్లే అని అందరూ అంటారు. అది నిజం. కానీ ఫుట్‌బాల్ ఇష్టంలేనివాళ్లు ఆ ఇళ్లలోనే ఉంటారు, మ్యాచ్‌లు లేని వేసవి నెలలూ ఉంటాయి. చందా రాయించేది పండగ భోజనమైతే, దాన్ని నెలనెలా కొనసాగించేది రోజువారీ అన్నం. స్కై వన్ ఆ అన్నం.

1993 సెప్టెంబర్ 1న స్కై మల్టీఛానెల్స్ అనే ప్యాకేజీ పెట్టి స్కై వన్‌ను కూడా తాళంలోకి తెచ్చారు. అదే రోజు నికెలోడియన్, యూకే లివింగ్ లాంటి కొత్త ఛానెళ్లు కూడా మొదలయ్యాయి. స్కై వన్ నిజంగా చందా ఛానెల్ అయింది ఆ రోజే. అంతకుముందు దానికి ఒకటే రాబడి, ప్రకటనలు. ఇప్పుడు మరో రెండు తోడయ్యాయి. సొంత డిష్ చందాల్లో వాటా ఒకటి, కేబుల్ కంపెనీలు ఇంటికింత అని కట్టే టోకు రుసుము మరొకటి. ఈ రెండో దాంట్లోనే 2007 గొడవ విత్తనం ఉంది. కేబుల్ కంపెనీ స్కైకి కొనుగోలుదారు, అదే సమయంలో పోటీదారు కూడా. అదే కుటుంబాన్ని ఒకరు డిష్ పెట్టుకోమంటారు, మరొకరు కేబుల్ తీసుకోమంటారు.

అదే 1993లో మర్డోక్ హాంకాంగ్‌లో స్టార్ టీవీ మెజారిటీ వాటా కొన్నాడు. తర్వాత మన దేశంలో టాటాలతో కలిసి 2006లో మొదలైన డీటీహెచ్ సేవకు టాటా స్కై అని పేరు పెట్టారు. అందులో 'స్కై' ఈ బ్రిటన్ సంస్థదే. 2022 జనవరిలో టాటా ప్లే అయ్యేదాకా తెలుగు ఇళ్ల డాబాల మీద ఆ పేరున్న డిష్‌లు కనబడుతూనే ఉన్నాయి.

మళ్లీ స్కై వన్ దగ్గరికి. తొంభైలలో అది నేర్చుకున్న విద్య, అమెరికన్ సీరియళ్లను అందరికంటే ముందు చూపించడం. 'ద ఎక్స్-ఫైల్స్' 1994 జనవరిలో స్కై వన్‌లో మొదలైతే, బీబీసీ టూ ప్రేక్షకులు సెప్టెంబర్ దాకా ఆగారు. ఎనిమిది నెలల ఆ తేడాకే డబ్బు కట్టేవాళ్లుంటారు. సొంతంగా తీసినవీ లేకపోలేదు. హార్చెస్టర్ యునైటెడ్ అనే ఊహాజనిత ఫుట్‌బాల్ జట్టు మీద 'డ్రీమ్ టీమ్' 1997నుంచి పదేళ్లు నడిచింది. ఫుట్‌బాల్ కోసం వచ్చిన ఇంటిని వారం మధ్యలోనూ స్కై దగ్గరే కూర్చోబెట్టే ఉపాయం అది. 1998 అక్టోబర్‌లో డిజిటల్ వచ్చింది, ఛానెళ్లు వందలయ్యాయి. ఆ జాబితాలో 106వ నంబరు స్కై వన్‌ది.

2000 తర్వాత విద్య మారింది. ఉచిత ఛానెల్ మొదట చూపించి పేరు తెచ్చిన సీరియల్‌ను మధ్యలో ఎక్కువ ధర పెట్టి కొనేయడం మొదలైంది. '24' మొదటి రెండు సీజన్లు బీబీసీ టూలో వచ్చాయి, మూడోది స్కై వన్‌కు వెళ్లింది. 'లాస్ట్' రెండు సీజన్లు ఛానెల్ 4లో, 2006 నవంబర్‌లో మూడోది స్కై వన్‌లో. ఆ తర్వాత 'గ్లీ' విషయంలోనూ ఇదే జరిగింది. లెక్క తేలిక. కొత్త సీరియల్ ఆడుతుందో లేదో తెలియదు. ఆ ప్రయోగపు భారం ఉచిత ఛానెల్ మోస్తుంది. కథకు అలవాటుపడ్డ ప్రేక్షకుడు మూడో సీజన్ కోసం డిష్ పెట్టించుకుంటాడు. వ్యాపారంగా చూస్తే ఇది తెలివైన పనే. కానీ కథ సగంలో తలుపు మూసి టిక్కెట్టు అడిగినట్టు బాధపడ్డ ప్రేక్షకులు లక్షల్లో ఉన్నారు, వాళ్ల బాధ న్యాయమైనదే అంటాను. స్కై వన్ గర్వంగా చెప్పుకోదగ్గది వేరే ఉంది. 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' తీయడానికి అది డబ్బు పెట్టింది. ఆ సీరియల్ అమెరికా కంటే ముందే, 2004 అక్టోబర్‌లో, బ్రిటన్‌లో ప్రసారమైంది. టెరీ ప్రాచెట్ నవల 'హాగ్‌ఫాదర్'ను 2006 క్రిస్మస్‌కు రెండు భాగాల భారీ చిత్రంగా తెచ్చింది కూడా ఈ ఛానెలే.

ఇప్పుడు 2007 గొడవకు జవాబు కనబడుతుంది. 2006 నవంబర్‌లో కేబుల్ కంపెనీ ఎన్‌టీఎల్ ఐటీవీని కలుపుకోవాలని చూసింది. స్కై హఠాత్తుగా 94 కోట్ల పౌండ్లు పెట్టి ఐటీవీలో 17.9 శాతం వాటా కొని ఆ దారి మూసేసింది. మూడు నెలల్లో ఎన్‌టీఎల్ వర్జిన్ మీడియాగా పేరు మార్చుకుంది. టీవీ, ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, మొబైల్ నాలుగూ కలిపి ఒకే బిల్లు మీద అమ్ముతానని బయల్దేరింది. స్కైకి అంతవరకూ ఎదురవని పోటీ అది. సరిగ్గా ఆ సమయంలో స్కై ఛానెళ్ల ఒప్పందం గడువు తీరింది. ధర మీద బేరం తెగలేదని పైకి కనబడే కారణం. లోపల మాత్రం స్కైకి రెండు తక్కెళ్లున్నాయి. ఒకదాంట్లో పోయే టోకు రుసుము, తగ్గే ప్రకటనల రాబడి. రెండోదాంట్లో 'లాస్ట్' కోసం వర్జిన్ వదిలి డిష్ పెట్టించుకునే కుటుంబాలు. డిష్ పెట్టించుకున్న ఇల్లు ఏళ్ల తరబడి చందా కడుతుంది, క్రీడలు, సినిమాలు కూడా తీసుకోవచ్చు. కేబుల్ ఇంటి రుసుము దాని ముందు చిన్నది. అందుకే స్కై ఓర్చుకోగలిగింది. ఛానెల్ లెక్క మాత్రం వేరు: తీసే కార్యక్రమం అదే, ఖర్చు అదే, చూసే ఇళ్లు మాత్రం ముప్పై లక్షలు తక్కువ. 2008 నవంబర్‌లో రాజీ కుదిరింది. రెండేళ్ల తర్వాత స్కై వర్జిన్ దగ్గర ఉన్న లివింగ్, బ్రావో లాంటి ఛానెళ్లను కొనేసింది. 2011 ఆరంభంలో బ్రావోను మూసేసింది.

స్కై వన్‌కు అసలు దెబ్బ ఇంట్లోంచే తగిలింది. 2011 ఫిబ్రవరి 1న స్కై అట్లాంటిక్ మొదలైంది. అమెరికాలో అత్యంత పేరున్న హెచ్‌బీవో కార్యక్రమాలన్నీ ఒక్క ఒప్పందంతో దానికి వెళ్లాయి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అందులోనే వచ్చింది. ఖరీదైన డ్రామా అంటే ఇక అట్లాంటిక్. పైగా దాన్ని వర్జిన్‌కు ఇవ్వకుండా ఏళ్ల తరబడి తన దగ్గరే ఉంచుకుంది. డిష్ అమ్మిపెట్టే పని స్కై వన్ చేతిలోంచి జారి తమ్ముడి చేతికి వెళ్లింది.

అయితే నాకు స్కై వన్ అత్యుత్తమంగా కనిపించేది ఈ దశలోనే. అమెరికన్ డ్రామా బరువు తగ్గాక అది ఇంటిల్లిపాదీ చూడదగ్గ బ్రిటన్, ఐర్లాండ్ కథలవైపు తిరిగింది. అప్పటికి స్కై చందాదారులు కోటి దాటారు. 2014 నాటికి ఏటా 60 కోట్ల పౌండ్లు బ్రిటన్ కార్యక్రమాల మీద పెడతానని కంపెనీ మాట ఇచ్చింది. సౌత్ వేల్స్ లోయల్లో ఒంటరి తల్లి జీవితం చెప్పిన రూత్ జోన్స్ 'స్టెల్లా', ఐర్లాండ్ పల్లెటూరి పిల్లవాడి 'మూన్ బాయ్', సూపర్‌మార్కెట్ ఉద్యోగుల 'ట్రోలీడ్' అప్పుడు వచ్చినవే. క్రీడాకారులతో హాస్యపు పోటీ 'ఎ లీగ్ ఆఫ్ దేర్ ఓన్' 2010లోనే మొదలైంది. వీటిలో ఏదీ ఒక్కటే డిష్ అమ్మలేదు. కానీ ఒక ప్రాంతం యాస, ఒక ఊరి నవ్వు ఈ కార్యక్రమాల్లో ఉన్నాయి. కొనుక్కొచ్చిన సీరియల్‌లో అవి దొరకవు.

2012 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ బ్రిటన్‌కు వచ్చింది. ఆ జూలైలో స్కై కూడా డిష్ అక్కర్లేని నౌ టీవీ మొదలుపెట్టింది. 2018 సెప్టెంబర్‌లో కంపెనీనే చేతులు మారింది. వేలంలో అమెరికా కేబుల్ దిగ్గజం కామ్‌కాస్ట్ షేరుకు 17.28 పౌండ్లు పాడింది. మొత్తం విలువ దాదాపు 3,000 కోట్ల పౌండ్లు. ఆ పోటీలో ఓడింది మర్డోక్ సంస్థ ఫాక్స్. ఫాక్స్ ఆస్తుల్లో అధికభాగం అప్పటికే డిస్నీకి అమ్ముడైపోతూ ఉంది. ఆ అమ్మకంలోనే మన స్టార్ మా కూడా డిస్నీ చేతికి వెళ్లింది. లండన్‌లో స్కై వన్, హైదరాబాద్‌లో స్టార్ మా కొన్నేళ్లు ఒకే పెద్ద కుటుంబ వ్యాపారానికి చెందినవి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో వేర్వేరు అమెరికన్ కంపెనీల చేతుల్లోకి వెళ్లాయి.

కామ్‌కాస్ట్ చేతికి వచ్చాక స్కై తన ఛానెళ్లను రుచుల వారీగా విడదీసింది: 2019లో స్కై క్రైమ్, 2020లో స్కై కామెడీ, స్కై డాక్యుమెంటరీస్, స్కై నేచర్. తెర మీద పట్టికలో బొమ్మ నొక్కి చూసే ప్రేక్షకుడికి ఛానెల్ పేరు ఒక గుర్తు మాత్రమే. ఆ పేరు చదవగానే లోపల ఏముందో తెలియాలి. హాస్యం, నేరం, ప్రకృతి అన్నీ వెళ్లిపోయాక స్కై వన్‌కు చెప్పుకోవడానికి 'అన్నీ కొంచెం కొంచెం' తప్ప ఏమీ మిగల్లేదు. అందరికీ ఏదో ఒకటి ఇవ్వడం 1989లో దాని బలం. 2021లో దాన్ని లోపంగా లెక్కగట్టారు. ఆ లెక్క వ్యాపారానికి సరైనదే కావచ్చు, కానీ ఇంట్లో నలుగురూ ఒకే ఛానెల్ ముందు కూర్చునే అలవాటుకు అందులో విలువ కట్టలేదు.

2021 సెప్టెంబర్ 1న స్కై వన్ తెర మీదనుంచి తప్పుకుంది. చందా ప్యాకేజీలోకి చేరిన రోజునుంచి సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్లు. దాన్ని రెండుగా చీల్చారు. హంగు ఎక్కువగా ఉన్న సొంత డ్రామాలు, వినోద కార్యక్రమాలు స్కై మ్యాక్స్‌కు వెళ్లాయి. 106వ నంబరులోకి స్కై షోకేస్ వచ్చింది. మిగతా స్కై ఛానెళ్లలో ఏమేం వస్తున్నాయో తలా కాస్త రుచి చూపించడం దాని పనిగా పెట్టారు. 'బ్రాసిక్' లాంక్షైర్ కుర్రాళ్ల కథ, 2019లో స్కై వన్‌లో మొదలైంది. మూడో సీజన్‌నుంచి స్కై మ్యాక్స్‌లో కొనసాగింది. దాన్ని వెతకడానికి ఛానెల్ పేరు అక్కర్లేదు, సీరియల్ పేరు కొడితే చాలు.